రొట్టె అంచులు

ఇప్పుడు బల్ల రొట్టె ప్యాకెట్టులో వస్తోంది. గుండ్రంగా, తెల్లగా, రూపాయి బిళ్లంత ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే అంగిటికి అతుక్కుని కరిగిపోతుంది. నమలాల్సిన పని లేదు. ద్రాక్షరసం సీసాలో వస్తోంది. నెలకొక ఆదివారం ఆరాధన చివర ఆ రెండింటినీ పళ్లెంలో పెట్టి, ఇది ప్రభువు శరీరం, ఇది ప్రభువు రక్తం అని చెప్పి పంచుతారు. దాన్నే మేము బల్ల అంటాం. బల్లలో చెయ్యి చాపగలిగినవాడు సంఘంలో ఉన్నట్టు. చాపలేనివాడు లేనట్టు.

మా చిన్నతనంలో ఆ రొట్టె మా ఇంట్లో కాలేది. గొప్ప కోసం చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. మార్కాపురం పలకలు దేశమంతా పోయిన రోజుల్లో మా తాతకు సొంత పలకల షెడ్డు ఉండేది. మందిరం కట్టిన స్థలం ఆయన ఇచ్చింది. గంట ఆయన తెప్పించింది. సమాధుల తోట ఆయన రాసిచ్చింది, చుట్టూ రాతిగోడ ఆయన కట్టించింది. మందిరంలో ముందు బెంచీ మాది. ఇప్పుడు షెడ్డు లేదు, ఇల్లు లేదు. టౌనులో అద్దెకున్న రెండు గదుల్లో నేనొక్కదాన్నే మిగిలాను. టీచరు పింఛనుతో బతుకుతున్నాను. బెంచీ మాత్రం వదల్లేదు. ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి ఊరికి పోయి అక్కడే కూర్చుంటాను, ఆనుకోకుండా. ఆనుకుని కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

పోయిన వారం కొత్త పాస్టరుగారు ఇద్దరు కమిటీ వాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. సమాధుల తోటకు దక్షిణపు గోడలో గేటు పెట్టాలట. ఈ రోజుల్లో శవాన్ని ఫ్రీజరు పెట్టెలో పెట్టి వ్యానులో తెస్తున్నారు. పాత సందులో వ్యాను తిరగదు. గోడ కొంత పడగొట్టి, అవతల నేల చదును చేస్తే సరిపోతుంది. స్థలం ఇచ్చినవారి వారసురాలిని కాబట్టి నన్ను ఒక మాట అడిగి సంతకం తీసుకోవాలని వచ్చారట.

"గోడ అవతల ఏమీ లేదమ్మా. కంపచెట్లే," అన్నారు పాస్టరుగారు. చిన్నవాడు. మాట నెమ్మది.

టీ ఇచ్చాను. ఆదివారంలోగా చెబుతానన్నాను. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడుగుతూ చాలాసేపు కొళాయి దగ్గరే నిలబడ్డాను. గోడ అవతల ఏముందో నాకు తెలుసు.

మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, బల్లకు ముందురోజు వంటింట్లోకి ఎవరినీ రానిచ్చేది కాదు, పిల్లల్ని తప్ప. కంబం నుంచి తెప్పించిన ఎండుద్రాక్ష ముందురోజే నానేసేది. పొద్దున వాటిని రోట్లో నలిపి, పాత తెల్లగుడ్డలో వేసి పిండి, సన్న సెగ మీద కాచేది. ఆ వాసన ఇంకెక్కడా రాదు. సగం బెల్లం పాకం, సగం వాన పడిన మట్టి. రోజూ మేము తినేది జొన్న సంగటి, కొర్రన్నం. గోధుమలు ఇంట్లో విసిరేది బల్ల కోసమే. ఉప్పు వేయకుండా పిండి కలిపి, పెనం మీద మందంగా రొట్టెలు కాల్చేది. కాల్చేంతసేపూ కొంగు తల మీద కప్పుకునేది. మాట్లాడేది కాదు. పెదవులు మాత్రం కదిలేవి.

చల్లారిన రొట్టెను కత్తితో ముందు నలుచదరంగా కోసేది. ఆ తర్వాత గోరంత ముక్కలు చేసేది. గుండ్రటి రొట్టెను నలుచదరం చేస్తే చుట్టూ నెలవంకల్లాంటి అంచులు మిగులుతాయి. మాడిన చోట చేదుగా, మందంగా ఉన్నచోట మెత్తగా ఉండేవి. ఆ అంచులు పిల్లలవి. పెదనాయన కొడుకూ నేనూ గడప దగ్గర కాచుకుని కూర్చునేవాళ్లం.

"ఇవి తింటే పాపం కాదా జేజీ?" అని ఒకసారి అడిగాను.

"అయ్యగారు చెయ్యిపెట్టి ప్రార్థన చేసిందాంకా అది రొట్టేనే. ఆ తర్వాత ముట్టుకుంటివా, చేతులిరగ్గొడతా."

ఆ తర్వాత కూడా ముట్టుకున్నాం. బల్ల అయ్యాక చిన్న గాజు గిన్నెలు కడగడానికి మా ఇంటికే వచ్చేవి. అడుగున ఒక్కొక్క చుక్క ద్రాక్షరసం మిగిలేది. పెరట్లో బానల వెనక కూర్చుని ఇద్దరం ఒక్కొక్క గిన్నే నాకుతుంటే జేజి చూసింది.

"ఏందిరా అది? నాలికలు సూపీండి."

చూపించాం. ఎర్రగా ఉన్నాయి.

"ప్రభువు రక్తం తాగినారు కదరా పిల్లిపిల్లల మాదిరి! మోకాళ్లేసి ఒప్పుకోండి."

పెదనాయన కొడుకు కళ్లు మూసుకుని, "ప్రభువా, జేజి సూస్తాదని తెలీక తాగినాం" అన్నాడు. జేజి మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు నవ్వుతో ఊగడం నాకు కనిపించింది.

మా ఇంట్లో కఠినమే కాదు, అదీ ఉండేది. ముందే చెబుతున్నాను. జరిగింది చెప్పాక మా వాళ్లను రాతిమనుషులని తేల్చేయడం సులువు.

షెడ్డు ఊరికి ఉత్తరాన ఉండేది. గని నుంచి బండలు వస్తే మగవాళ్లు ఉలితో పొరలు పొరలుగా చీల్చేవారు. మిషను మీద పలకల కొలతకు కోసేవారు. ఆడవాళ్లు రుద్ది నునుపు చేసి, చెక్క చట్రాలు బిగించేవారు. పొద్దుగూకేసరికి అందరి కనుబొమలూ బూడిదరంగు అయిపోయేవి. ఆడవాళ్లు ఇంటికి పోయేముందు కొంగులు దులుపుకుంటే సందంతా పొగమంచు పట్టినట్టు ఉండేది. ఆ దుమ్ములో చట్రాల చెక్కవాసన కలిసి ఉండేది. మాకు ఆ వాసన ఇష్టం. అది మా అన్నం వాసన.

కోత మిషను నడిపే మనిషిని నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం లేదు. ఊళ్లో మా వాళ్లందరం ఒకరికొకరు అన్నో మామో చిన్నాయనో అయ్యేవాళ్లం. ఆయన మా తాతను పెద్దనాయనా అనేవాడు. విరిగిన పలకల్లో మంచి ముక్కలు ఏరి, అంచులు అరగదీసి మాకు ఇచ్చేవాడు. మందిరంలో పాట ఎత్తేది కూడా ఆయనే. ఆయన మొదటి చరణం ఎత్తుకుంటే వెనక బెంచీల్లో నిద్రపోతున్న ముసలివాళ్లు కూడా లేచి కూర్చునేవారు.

ఆ గొంతు మెల్లగా తెగిపోతూ వచ్చింది. మొదట చరణం మధ్యలో ఆగి దగ్గేవాడు. తర్వాత పల్లవి ఎత్తి, మిగతాది సంఘానికి వదిలేసేవాడు. ఆ తర్వాత పాట వేరేవాళ్లు ఎత్తారు. ఆయన పెదవులు మాత్రం ఆడించేవాడు.

తాత ఆయనను టౌను డాక్టరుకు చూపించాడు. కర్నూలు పెద్దాసుపత్రికి పంపించాడు. దుమ్ము లోపల గట్టిపడిందని, చేసేదేమీ లేదని చెప్పారు. తాత ఆయనను మిషను మీద నుంచి తీసేసి కాపలాకు పెట్టాడు. జీతం తగ్గించలేదు. రోజూ మా ఇంటి నుంచి పాలు, కోడిగుడ్లు పోయేవి. నేనే తీసుకుపోయేదాన్ని.

"ఎట్లుంది చిన్నాయనా?" అంటే నవ్వేవాడు.

"నా లోపల ఒక పలక తయారైతా ఉంది పాపా. కోత అయిపోయింది, రుద్దుడైపోయింది. చట్రం బిగించేది ఒక్కటే ఉండాది."

పక్కనున్న చిన్నమ్మ, అంటే ఆయన భార్య, చేతిలో ఉన్న చాటతో ఆయన మోకాలి మీద ఒక్కటి వేసింది. "నీ నోరు పడ. పసిబిడ్డతో ఏం మాటలవి?" అంది. ఆమె కూడా మా షెడ్డులోనే చట్రాలు బిగించేది. వాళ్లకు ఒక్కడే కొడుకు పుట్టి, పాలు మానకముందే జ్వరంతో పోయాడు. సమాధుల తోటలో దక్షిణపు గోడ పక్కన ఆ పిల్లవాడి చిన్న దిబ్బ ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లిద్దరూ అక్కడికి పోయి, కాసేపు కూర్చుని ఇంటికి పోయేవారు.

ఆయనకు పడుకుంటే ఊపిరి ఆడని రోజులు వచ్చాయి. గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒక గురువారం చిన్నమ్మ ఆయనను ఎద్దుల బండి మీద అర్ధవీడు వైపు ఒక దర్గాకు తీసుకుపోయింది. అక్కడి సాయిబు నెమలీకల కట్టతో ఆయన రొమ్ము మీద తట్టి, ఏదో చదివి, కుడిచేతి మణికట్టుకు నల్లదారం కట్టాడు. ఆ రాత్రి ఆయన పడుకుని నిద్రపోయాడట. నిజంగా తగ్గిందో, భార్య సంతోషం కోసం ఓర్చుకుని పడుకున్నాడో నాకు తెలియదు.

ఆ తర్వాతి బల్ల ఆదివారం నేను ముందు బెంచీలో జేజి పక్కన ఉన్నాను. మగవాళ్ల వైపు ముందు వరుస చివర చిన్నాయన కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద నీలిరంగు అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉండేది. అందులో ప్రేమ అనే మాట మిగతా మాటల కంటే పెద్దగా ఉండేది. మా అయ్యగారు, అంటే అప్పటి పాస్టరు, కోస్తా నుంచి వచ్చిన పేద మనిషి. ఆయన ఇల్లు మా తాత స్థలంలో ఉండేది. ఆయన పొయ్యి సంఘం తెచ్చే పిడికిటి బియ్యంతో వెలిగేది. రోజూ ఎసట్లో పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యమో కొర్రలో తీసి దేవుని సంచిలో వేసి, ఆదివారం తెచ్చేది. కొత్తబియ్యం, పాతబియ్యం, నూకలు, కొర్రలు అన్నీ ఒకే కుండలో పడేవి. అయ్యగారి ఇంటి అన్నంలో కొన్ని మెతుకులు చిమిడి, కొన్ని పలుకుగా ఉండేవి. పిల్లలకు ఆ అన్నమంటే ప్రాణం.

అయ్యగారు పళ్లెం పట్టుకుని వరుస చివరికి వచ్చారు. చిన్నాయన చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి వెనక్కి జరిగింది. నల్లదారం కనపడింది.

అయ్యగారు ఆ దారాన్ని చూశారు. తర్వాత మా తాతను చూశారు. తాత ఏమీ అనలేదు. తల కూడా ఆడించలేదు. దారం వైపు చూస్తూ కూర్చున్నాడు. పళ్లెం వెనక్కి పోయింది.

చిన్నాయన చెయ్యి కాసేపు అట్లే గాలిలో ఉంది. తర్వాత ఎడమచేత్తో చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు. సంఘం పాట పాడుతూనే ఉంది.

ఆ సాయంత్రం మా వసారాలో పెద్దలు కూర్చున్నారు. చిన్నమ్మను పిలిపించారు. చిన్నాయన కూడా వచ్చాడు. అరుగు ఎక్కలేక మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ దారం తెంపి, వచ్చే ఆదివారం సంఘం ముందర నిలబడి తప్పయిందని ఒక్కమాట చెప్పండి. అంతటితో అయిపోతాది," అన్నాడు తాత.

"కట్టించింది నేను మామా. నన్నడగండి," అంది చిన్నమ్మ.

"నువ్వే చెప్పు."

"ఏమని చెప్పేది?"

"ఏసయ్య మీద నమ్మకం లేక అన్యుల కాడికి పోతినని."

"నమ్మకం లేక పోలేదు. ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే సూడలేక పోయినా. సూడలేకపోవడం పాపమైతే అదే చెప్తా, పలకమంటే ఇప్పుడే పలుకుతా. నమ్మకం లేదని మాత్రం చెప్పను. అది అబద్ధం."

తాత గొంతు పెంచలేదు. "మ్మే, మా నాయన జాతరలో డప్పు కొట్టనన్నందుకు ఊరోళ్లు రాతిస్తంభానికి కట్టి కొట్టినారు. నీళ్లు పోసేటప్పుడు ఆ వీపు నేను రుద్దినా. నా అరచేతికి ఆ గీతలు ఇంకా తెలుస్తాయి. మెడలో డప్పు తాడు తెంపుకోను మా నాయన తోలూడింది. ఈ పొద్దు మీరు ఇంకో తాడు కట్టుకుని వచ్చి బల్లకు చెయ్యి చాపితిరి. నేనేం జెయ్యాల?"

మా వంశానికి వెన్ను వచ్చింది ఆ దెబ్బల నుంచే.

"పెద్దనాయనా," అన్నాడు చిన్నాయన మెట్టు మీద నుంచి. మాటకూ మాటకూ మధ్య ఆయాసపడ్డాడు. "నాకు బల్ల కావాల. కానీ ఇది ఆమె కట్టింది. ఆమె తెంపమంటే... తెంపుతా."

అందరూ చిన్నమ్మ వైపు చూశారు. ఆమె ఆయన రెక్క పట్టుకుని లేపింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆ దుమ్ము ఎవరి షెడ్డుదో ఆ వసారాలో ఒక్కరూ అనలేదు. చిన్నమ్మ కూడా అనలేదు. అనడానికి ఆమె దగ్గర అంతకంటే పెద్దమాట ఇంకేముంది? ఎందుకు అనలేదో నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఆమెకూ వెన్ను ఉంది, అంతే.

మరుసటి ఆదివారం చిన్నమ్మ ఒక్కతే మందిరానికి వచ్చింది. పిడికిటి బియ్యం సంచి తెచ్చి అందరి సంచుల పక్కన పెట్టింది. అయ్యగారి భార్య దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. ఆరాధన అయ్యాక బయటికి తెచ్చి ఇచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"ఏమనుకోవద్దు వదినా. బల్లలో లేనోళ్ల బియ్యం తీసుకోకూడదంట," అంది.

చిన్నమ్మ సంచి విప్పి, మందిరం మెట్ల మీద బియ్యమంతా పోసి పోయింది. మేము మెట్లు దిగేసరికి పిచ్చుకలు తింటున్నాయి. వాటిని ఎవరూ తోలలేదు.

పాలూ గుడ్లూ మాత్రం ఆగలేదు. "ఇంట్లో అన్నం వేరు, బల్ల వేరు," అనేవాడు తాత. నేను గిన్నె తీసుకుపోతే చిన్నమ్మ తీసుకునేది. చిన్నాయన ఇప్పుడు నవ్వేవాడు కాదు. "రేపు బల్లనా పాపా?" అని అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ, "కాదు, ఇంకా చాలా రోజులుంది" అని చెప్పేదాన్ని. ఒకసారి మాత్రం అవును అనవలసి వచ్చింది.

ఆ సాయంత్రం జేజి రొట్టెలు కోస్తోంది. నేను గడప దగ్గర అంచులు తింటున్నాను. పెరటి వాకిలి దగ్గర చిన్నమ్మ కనపడింది. తల దువ్వుకోలేదు. ఆమె అప్పటికే రెండు గుమ్మాలు తొక్కి వచ్చిందని తర్వాత తెలిసింది.

మొదట అయ్యగారి ఇంటికి పోయింది. "ఇయ్యాల గడవదు అయ్యగారూ. బల్ల అడగతా ఉన్నాడు" అంది. "నాకు అభ్యంతరం ఏముందమ్మా? పెద్దాయన ఒక్కమాట అన్నారంటే ఇప్పుడే వచ్చేస్తాను" అన్నారు అయ్యగారు. అక్కడి నుంచి మా వసారాకు వచ్చింది. తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. "బల్ల నాదా? అయ్యగారిది. ఆయన ఇస్తే నేను అడ్డం పడతానా? ఒప్పుకోలు లేకుండా ఇయ్యమని మాత్రం నా నోటితో అనను" అన్నాడు. ఆమె మళ్లీ అయ్యగారి దగ్గరికి పోలేదు. ఇల్లు చుట్టి పెరట్లోకి వచ్చింది.

"అత్తా, బల్ల రొట్టె అడగను. అంచులియ్యి," అంది జేజితో. "ప్రార్థన చెయ్యనివే. ఉత్త రొట్టే కదా. నేనే నానబెట్టి ఆయన నోట్లో పెట్టుకుంటా."

జేజి చేతిలో కత్తి ఆగింది. ఆమె కళ్లు వసారా వైపు పోయాయి. అక్కడి నుంచి తాత దగ్గు వినపడింది. ఆమె తలలో ఏం నడిచిందో నాకు తెలుసు అనుకుంటాను. ఉత్త రొట్టె ఇస్తే అది ఉత్త రొట్టే. కానీ ఇచ్చేది బల్లకని తెలిసి ఇస్తే? అది దొంగబల్ల కాదా?

"నిలబడు," అంది జేజి. "అయ్యగారినొక్కమాట అడిగిస్తా."

చిన్నమ్మ నవ్వింది. ఆ నవ్వు చప్పుడు పొడిగా, పలక మీద మేకు గీసినట్టు ఉంది.

"అడగత్తా. అయ్యగారు మామనడగమంటాడు. మామ అయ్యగారినడగమంటాడు. నువ్వు యాడికి పంపిస్తావు?"

నా చేతిలో సగం తిన్న అంచు ఉంది. ఎందుకో తెలియదు, దాన్ని చిన్నమ్మ వైపు చాపాను. జేజి నన్ను ఆపలేదు. నేను అది మరిచిపోలేదు. ఆమె తల వంచుకుని ముక్కలు కోయడం మొదలుపెట్టింది. అంటే తీసుకో అనే.

చిన్నమ్మ దాన్ని చూసింది. నా పిడికిలి మూసి, నా చేతిని నా రొమ్ముకు ఆనించింది.

"నువ్వు తిను బంగారూ. చాటుగా తెచ్చిందైతే ఆయన తినడు. పిలిచి పెడితే తింటాడు. ఆయనకు కావాల్సింది రొట్టె కాదులే," అంది.

మర్నాడు పొద్దున మందిరం మొదటి గంట కొట్టకముందే చిన్నాయన పోయాడు.

తాత షెడ్డు మూయించాడు. తెల్లగుడ్డ కొనిపించాడు. పెట్టెకు చెక్క కావాలంటే చట్రాల కోసం తెచ్చిన మంచి చెక్కంతా ఇచ్చాడు. వడ్రంగి దాన్ని మా పెరట్లోనే కోసి బిగించాడు. చట్రం బిగించేది ఒక్కటే ఉండాదన్న మాట నాకు గుర్తొచ్చి, వంటింట్లోకి పోయి చెవులు మూసుకున్నాను. వచ్చినవాళ్లందరికీ మా ఇంట్లోనే అన్నం వండారు. అడగనివన్నీ ఇచ్చాం.

తోటలో చోటు మాత్రం లేదు. బల్లలో లేనివాడికి గోడ లోపల చోటు లేదని రాతిగోడ కట్టిననాడే రాసుకున్నారట. చిన్నమ్మ ఎవరినీ బతిమాలలేదు. తోటలోకి పోయి కొడుకు దిబ్బ దగ్గర నిలబడింది. గోడ మీద ఒక రాయి గుర్తుగా పెట్టి, బయటికి వచ్చి ఆ గోడకు సరిగ్గా అవతల చోటు చూపించింది.

"ఈడ తవ్వండి. గోడ పైనే కదా. కింద మట్టి ఒకటే," అంది.

అయ్యగారు గోడ లోపలే నిలబడ్డారు. బయటికి వస్తే సంఘం పాతిపెట్టినట్టవుతుంది. రాకుండా ఉండడానికి ఆయన మనసు ఒప్పలేదు. పిల్లవాడి దిబ్బ పక్కన నిలబడి, గోడ మీదుగా అవతలికి వినపడేలా గట్టిగా ప్రార్థన చేశారు. ఆయన తల మాత్రమే మాకు కనపడింది. తాత రాలేదు. జేజి నా చెయ్యి పట్టుకుని బయటివైపు నిలబడింది. ఆమె చేసిన తిరుగుబాటు అంతే.

దర్గా సాయిబు వచ్చాడు. టోపీ సర్దుకుని ఒక పిడికెడు మట్టి వేశాడు. గోడ వైపు చూసి పక్కనున్న పనివాణ్ణి మెల్లగా అడిగాడు.

"మీ పాస్టరు సాబు ఆడ నిలబడినాడేంది? దారి తెలీలేదా?"



గుంత పూడ్చాక చిన్నమ్మ షెడ్డు నుంచి తెచ్చిన కోయని పెద్ద పలకబండను తలవైపు నిలబెట్టింది. దాని మీద ఏమీ రాయలేదు. వారం తిరక్కముందే రాచర్ల వైపు పుట్టింటికి పోయింది. మళ్లీ మా మందిరం గడప తొక్కలేదు.

ఒకసారి మాత్రం చూశాను. నేను టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు గిద్దలూరు బస్టాండులో సీతాఫలాల గంప ముందు కూర్చుని ఉంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. వద్దంటున్నా పెద్ద కాయ ఒకటి నా సంచిలో పెట్టింది.

"మీ తాత బాగున్నాడా?"

"దగ్గు చిన్నమ్మా. పడుకోలేడు. కూర్చునే నిద్రపోతాడు."

ఆమె చాలాసేపు గంపలోకి చూసింది. "కూచున్నప్పుడు ముందర ఒక దిండు పెట్టండి, దాని మీదికి వంగితే కొంచెం ఆడతాది" అంది. "దేవుడు ఆయనకు ఊపిరియ్యాల." నేను ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెదికాను. లేదు.

ఇంటికి పోయి తాత ముందర దిండు పెట్టాను. ఎవరు చెప్పారో చెప్పలేదు. ఆయన దాని మీదికి వంగాడు. జీవితంలో ఆయన వెన్ను వంగగా చూసింది అప్పుడే. నిజంగానే కొంచెం ఊపిరి ఆడింది.

ఆ దుమ్ము యజమాని, కూలి అని చూడలేదు. కాకపోతే తాతకు బల్ల ఇంటికి వచ్చేది. అయ్యగారు మంచం పక్కన మోకాళ్లేసి, నోటికి అందించేవారు. చివరిసారి ఆ ముక్క మింగాక తాత జేజి వైపు తిరిగి, "అంచులేం జేసినావు?" అని అడిగాడు.

"పిల్లలకు పెట్టినా."

"ఎవురైనా అడిగినారా?"

జేజి తల అడ్డంగా ఊపింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ రెండు ప్రశ్నలకూ అర్థం ఏమిటని మేము ఆయనను అడగలేదు. ఆ ఇంట్లో అట్లాంటివి అడగరు.

తర్వాతి సంగతి అందరికీ జరిగినదే. పలకల గిరాకీ పోయింది. షెడ్డు రేకులు ఊడదీసి అమ్మారు. పెదనాయన వాటా ఎటో పోయింది, మా వాటా దాని వెనకే పోయింది.

మా వాళ్లలో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆ ఒక్క ఊళ్లో ఆ ప్రేమ పెట్టిన అన్నం, నిలబెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. అయ్యగారికి జాలి ఉంది. తాతకు బాధ ఉంది. జేజికి రెండూ ఉన్నాయి. ముగ్గురి చేతుల్లోనూ రొట్టె ఉంది. ముగ్గురూ ఇంకొకరు ఇమ్మంటే ఇద్దామని కాచుకున్నారు. ఏ పరలోకపు తండ్రి పేరు చెప్పి దెబ్బలు తిన్నామో ఆ తండ్రినే ఎవరూ అడగలేదు.

శనివారం పాస్టరుగారిని, కమిటీ వాళ్లను తోట దగ్గరికి రమ్మన్నాను. దక్షిణపు గోడ అవతల కంపచెట్ల కిందకి తీసుకుపోయాను. ముళ్లు చీరకు పట్టుకున్నాయి. పలకబండ పక్కకు ఒరిగి ఉంది గానీ ఉంది. దాని చుట్టూ నేల కొంచెం కుంగి ఉంది.

"ఈడ మనిషి ఉన్నాడు. వ్యాను ఈయన మీదుగా పోకూడదు," అన్నాను.

పాస్టరుగారు చెప్పులు విడిచి ఒక అడుగు వెనక్కి వేశారు. "ఎవరమ్మా?"

"మా చిన్నాయన."

"మరి లోపల పెట్టకుండా..."

"బల్లకు దూరం పెట్టారు."

"అయ్యయ్యో," అన్నారు ఆయన. నిజంగానే బాధపడ్డారు. "ఇప్పుడు అలాంటివేం లేవమ్మా. గోడ ఇటు జరిపి, ఈయనను కూడా లోపలికి కలుపుకుందాం. కొడుకు పక్కనే అవుతారు."

నేను ఒరిగిన పలకబండ మీద చెయ్యి వేశాను. అప్పుడు కమిటీ వాళ్లలో ఒకాయన ఫోను జేబులో పెట్టుకుంటూ అడిగాడు.

"మన సంఘమేనా మేడం? రికార్డులో పేరుండాదా? లేకపోతే రేపు ఎవరంటే వాళ్లు అడగతారు."

నేను పాస్టరుగారి వైపు చూశాను. ఆయన కమిటీ ఆయన వైపు చూశారు. కమిటీ ఆయన నేల వైపు చూశాడు.

"నాకైతే అభ్యంతరం లేదమ్మా," అన్నారు పాస్టరుగారు మెల్లగా. "కమిటీలో పెడదాం."

నాకు నవ్వు వచ్చింది. పొడిగా వచ్చిన ఆ చప్పుడు నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. ఎక్కడ విన్నానో వెంటనే గుర్తొచ్చింది. సంతకం చేయనని చెప్పి ఆటో ఎక్కాను. పాత డాబు ఇంకా పోలేదని వెనక ఎవరో అన్నారు. అదీ నిజమే కావచ్చు. తాత గోడను ఆయన మనవరాలు తప్ప ఎవరు కాపాడతారు అనుకుని ఉంటారు. అనుకోనిచ్చాను.

నిన్న బల్ల ఆదివారం. ముందు బెంచీలో కూర్చున్నాను. గోడ మీద వాక్యం ఇప్పుడు లైట్లతో వెలుగుతోంది. పాస్టరుగారు పళ్లెం పట్టుకుని వరుస వెంట వచ్చి నా ముందు ఆగారు. తెల్లటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. వాటికి అంచులు లేవు.

నేను చెయ్యి చాపలేదు.

"అమ్మా," అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. నేను రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. వెనక సంఘం పాట పాడుతూనే ఉంది. పళ్లెం పక్కవాళ్ల దగ్గరికి పోయింది.